కాఫీ పొడుం ఎవరి రుచికి?

మన ఇళ్లలో కాఫీ పొడుం ఎవరి రుచిని బట్టి కొంటున్నాం? తెలిసిన పదిమంది ఆడవాళ్లని ఈ ప్రశ్న అడిగి చూశాను. "మావారికి స్ట్రాంగుగా ఉండాలండీ", "మా అత్తగారికి చికోరీ పడదు", "మా మామగారి రోజుల నుంచీ ఆ కొట్లోనే తెస్తున్నాం"... ఇవీ వచ్చిన సమాధానాలు. "నాకు ఇదే ఇష్టం కాబట్టి" అన్నవాళ్లు ఒక్కరు కూడా లేరు. తెల్లవారకుండానే లేచి ఫిల్టరులో వేణ్ణీళ్లు పోసేది మనం. చిక్కటి డికాక్షనంతా ఇంటిల్లిపాదికీ పంచేశాక, అదే పొడుం మీద మళ్లీ నీళ్లు పోసి దింపిన రెండో డికాక్షన్‌తో సరిపెట్టుకునేదీ మనమే!

ఇప్పుడీ కాఫీ విషయంలో కొత్త చర్చ ఒకటి బయల్దేరింది. ఒకే తోటలోనో, ఒకే కొండప్రాంతంలోనో పండిన గింజల పొడుం మంచిదా, రెండు మూడు రకాలు కలిపిన పొడుం మంచిదా అని. మొదటిదాన్ని సింగిల్ ఆరిజిన్ అంటున్నారు. రెండోది మనకి పెద్దల నాటి నుంచీ అలవాటైన బ్లెండు.

మా ఆడపడుచు కూతురు బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతికి వస్తూ ఒక సింగిల్ ఆరిజిన్ పొట్లం తెచ్చింది. "అత్తా, ఇందులో పాలు పొయ్యకు, పంచదార వెయ్యకు. ఉత్తిదే తాగితేనే దీని రుచి తెలుస్తుంది" అంది. మా అత్తగారు ఒక గుక్క తాగి, "ఇదేమిటే, జలుబు కషాయంలా ఉంది" అంటూ గ్లాసు పక్కన పెట్టేశారు. "అమ్మమ్మా, నువ్వు రోజూ తాగేది కాఫీయే కాదు" అని పిల్ల ఎదురుతిరిగింది. ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. మిగతా సగం గురించే నా బాధ.

ముందు బ్లెండు తరఫున మాట్లాడతాను. కాఫీలో ముఖ్యమైన జాతులు రెండు, అరబికా, రోబస్టా. అరబికా ఎత్తైన కొండల మీద బాగా పండుతుంది. సువాసన దానిది, నాలుక అంచున తగిలే సన్నటి పులుపు దానిది. రోబస్టాకి అంత ఎత్తు అక్కర్లేదు, తెగుళ్లని కూడా బాగా తట్టుకుంటుంది. దానికి చేదూ, చిక్కదనం ఎక్కువ. కెఫీన్ అయితే అరబికాలో ఉన్నదానికి ఇంచుమించు రెండింతలు. కొట్లో మనం 'పీబీ' అని అడిగేది మూడో జాతి కాదు. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని, ఒకవైపు బల్లపరుపుగా ఉంటాయి. కొన్ని పండ్లలో మాత్రం ఒకే గింజ గుండ్రంగా ఊరుతుంది. అదే పీబీ.

మనం తాగేది పాల కాఫీ. అందులోనూ గేదెపాలు. ఆ మీగడ చిక్కదనంలో ఒట్టి అరబికా సువాసన సగం అణిగిపోతుంది. దానికి కాస్త రోబస్టా తోడైతే పాలని దాటుకుని కాఫీ రుచి నాలుకకి అందుతుంది. అంతే కాదు, వానలు ఎక్కువైన ఏడు ఒకలా, తక్కువైన ఏడు ఒకలా గింజ రుచి మారుతుంది. పొడుం కలిపే ఆయన పాళ్లు అటూ ఇటూ మార్చి ఏడాది పొడుగునా ఒకే రుచి నిలబెడతాడు. ఇది కల్తీ కాదు, పనితనం. కందిపొడిలో శనగపప్పు, పెసరపప్పు ఎంతెంత పాళ్లలో కలపాలో తెలిసిన మనకి ఇది వేరే చెప్పాలా? బంగినపల్లిని కోసుకు తింటాం, ఆవకాయ మాత్రం పుల్లమామిడితోనే పెడతాం. ఏది దేనికి పనికొస్తుందో తెలియడమే వంట. కాబట్టి పాలు కలిపి తాగేవాళ్లకి కాఫీ రుచి తెలియదన్న మాటని నేను ఒప్పుకోను.

ఇక బ్లెండులో గొడవంతా చికోరీతోనే. అది కాఫీ గింజే కాదు. ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తున్నారు. నెపోలియన్ 1806లో ఇంగ్లండు సరుకుని అడ్డుకున్నప్పుడు ఐరోపాలో కాఫీకి కరువొచ్చి చికోరీ వాడకం బాగా పెరిగింది. దానికి కెఫీన్ లేదు. రంగు ఇస్తుంది, చిక్కదనం ఇస్తుంది, ఖరీదు తగ్గిస్తుంది. కాస్త చికోరీ ఇష్టపడి తాగేవాళ్లని నేనేమీ అనను. కానీ ఎంత కలిసిందో తెలిసి తాగాలి కదా!

చట్టం ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. ఏది ఎంత శాతమో పొట్లం మీద రాయాలి. అంటే పొట్లంలో దాదాపు సగం వేరుపొడి ఉన్నా అది చట్టానికి లోబడిన సరుకే. పొట్లం ముందు వైపు పొగలు కక్కే కప్పు బొమ్మ ఉంటుంది. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో '47 శాతం చికోరీ' అని ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ విపణిలో అరబికా ధర పౌను 4 డాలర్లు దాటి మునుపెన్నడూ లేనంత ఎత్తుకి పోయింది. గింజ ధర అలా ఎక్కినప్పుడు పొట్లం ధర పెరిగితే మన కంటికి కనబడుతుంది. ధర పెరక్కుండా చికోరీ పెరిగితే? అది కనిపెట్టేది ఎవరు? నెలనెలా సరుకులు తెచ్చుకునే మనమే.

విడిగా పొడుం కొనేవాళ్లకి ఒక చిన్న పరీక్ష. గాజు గ్లాసులో చన్నీళ్లు తీసుకుని చిటికెడు పొడుం పైన చల్లండి. కాఫీ పొడుం కాసేపు తేలుతుంది. చికోరీ వెంటనే మునుగుతూ, గోధుమరంగు చారలు వదులుతూ అడుక్కి పోతుంది. ఎంత శాతమో లెక్క చెప్పలేం గానీ, కలిసిందా లేదా అన్నది కంటి ముందే తేలిపోతుంది.

ఇప్పుడు ఆ రెండోవైపు. సింగిల్ ఆరిజిన్‌ని డబ్బున్నవాళ్ల సరదాగా కొట్టిపారెయ్యడం కూడా తప్పే. మేముండే వైజాగ్ నుంచి అరకు వంద కిలోమీటర్లకి కాస్త పైన. పాడేరు, చింతపల్లి, అనంతగిరి కొండల్లో గిరిజన కుటుంబాలు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండిస్తున్నాయి. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. నవంబరు మొదలుకుని సంక్రాంతి దాకా కోతలు. ఒకే కొమ్మ మీద ఎర్రటి పండ్లూ, పచ్చికాయలూ కలిసే ఉంటాయి. మంచి కాఫీ కావాలంటే పండినవి మాత్రమే ఏరి కోయాలి, మిగతావి పండేదాకా ఆగి మళ్లీ ఆ కొండ ఎక్కాలి. ఐదారు కిలోల పండ్లు కోస్తే కిలో గింజలొస్తాయి. ఆ ఏరే చేతుల్లో ఆడవాళ్ల చేతులు ఎన్నో!

అన్నిటినీ ఒక్క రేటుకే కొనేసి పెద్ద గుట్టలో కలిపేస్తే, పండుని ఏరి కోసినావిడకీ, కొమ్మ దూసేసినావిడకీ తేడా ఏముంది? తేడా లేనప్పుడు శ్రమపడి ఏరడం ఎందుకు? గింజకి ఊరి పేరు ఉంటేనే ఆ ఏరడానికి విలువ కట్టే వీలుంటుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానితోపాటే కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకీ, వయనాడ్ రోబస్టాకీ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. పారిస్ వాళ్లు పేరు పెట్టి అడిగి తాగే గింజని, పక్కనే ఉన్న మనం 'ఏదో ఒక పొడుం' అని కొనడం నాకు చిన్నతనంగా అనిపిస్తుంది.

అయితే పేరు చూసి మోసపోకూడదు కూడా. ఒక చోట అమ్ముతున్న పొట్లం మీద ముందు 'అరకు' అని పెద్దక్షరాలు, వెనక్కి తిప్పితే 40 శాతం చికోరీ! ఒకే చోట పండినంత మాత్రాన రుచి ఉంటుందనీ లేదు. అశ్రద్ధగా ఎండబెట్టినా, మాడ్చి వేయించినా ఏ కొండ గింజైనా ఒకటే. పైగా ధర మామూలు పొడుం కంటే రెండింతలో, మూడింతలో ఉంటుంది. ఆరుగురు రెండు పూటలా తాగే ఇంట్లో అది కుదిరే పని కాదు. కుదరనివాళ్లు దానికోసం చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

నా మటుకు నేను తేల్చుకున్నది ఇది. పొద్దుటి పాల కాఫీకి బ్లెండే. కానీ మూసిన పొట్లం కాదు. గింజలు మన కళ్లముందు మర పట్టే కొట్టుకి వెళ్లి, పాళ్లు నేను చెబుతాను. ముప్పాతిక అరబికా, పావు రోబస్టా, చికోరీ వద్దు. "గింజ ఏ ఊరిదండీ?" అని అడుగుతాను. మొదట్లో ఆ కొట్టాయన, "సార్ని అడిగి రండమ్మా, వాళ్లకి ఏ పొడుం అలవాటో" అన్నాడు. "తాగేవాళ్లలో నేనూ ఉన్నానండీ" అన్నాను. ఇప్పుడు నన్నే అడుగుతున్నాడు. ఇక సింగిల్ ఆరిజిన్ వంద గ్రాములు తెచ్చి విడిగా ఒక సీసాలో పెట్టుకుంటాను. ఇంట్లో అందరూ ఎవరి పనుల మీద వాళ్లు వెళ్లాక, పాలు లేకుండా, రెండో డికాక్షన్ కాకుండా, ఒక కప్పు నాకోసం కలుపుకుంటాను. వంద గ్రాములు ఒక్కదానికి చాలా రోజులే వస్తుంది.

ఒక కప్పు కాఫీకి ఇంత చర్చా అని నవ్వేవాళ్లుంటారు. చీర కొంటే జరీ అసలుదో కాదో వేలితో గీకి చూస్తాం. బంగారం కొంటే హాల్‌మార్క్ అడుగుతాం. రోజూ రెండుసార్లు ఇంటిల్లిపాది నోట్లోకి పోయేదాన్ని మాత్రం బొమ్మ చూసి కొంటామా? బ్లెండా, సింగిల్ ఆరిజినా అన్నది ఎవరి జేబునీ, ఎవరి నాలుకనీ బట్టి వాళ్లు తేల్చుకోవచ్చు. ఏం కలిసిందో, ఎక్కడ పండిందో అడగడం మాత్రం మానొద్దు. ఆ తేల్చుకునేవాళ్లలో కాఫీ కలిపే మనిషి నాలుక కూడా ఒకటుందని ఇంట్లోవాళ్లకి గుర్తు చెయ్యడం కూడా మానొద్దు. ఏమంటారు?