గోడౌన్ కూల్చేలోగా కొలతలైనా తీయించండి

గుంటూరులో పొగాకు గోడౌన్ అంటే ఒక చిరునామా. ఫలానా గోడౌన్ పక్క సందు అంటే చాలు, రిక్షా అతను మారు మాట్లాడకుండా తీసుకెళ్లేవాడు. ఇప్పుడు చిరునామాలు మిగిలాయి గాని గోడౌన్లు ఒక్కొక్కటే పోతున్నాయి. వాటి స్థానంలో అపార్టుమెంట్లు, కల్యాణ మండపాలు లేస్తున్నాయి. సొంతదారులను తప్పు పట్టలేం. గజం ధర అలా ఉంది. మిర్చి దాచుకుందామన్నా ఈ రోజుల్లో కోల్డ్ స్టోరేజీ కావాలి గాని రేకుల గోడౌన్ ఎవరికి కావాలి? కాని పడగొట్టే ముందు ఒక్క ఫోటో కూడా తీయించని ఉదాసీనత మాత్రం మనందరిదీ.

ఈ గోడల వెనుక కథ చిన్నది కాదు. ఇంపీరియల్ టొబాకో కంపెనీ 1910లో కలకత్తాలో మొదలైంది. ఆకు వ్యవహారం చూసేందుకు 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వచ్చింది. మన జనం నోట అది ఐఎల్‌టీడీ. 1920 ప్రాంతంలో గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా రకం వేసి చూశారు. ఆ దశకం చివరికి బ్యారన్‌లో గొట్టాల వేడికి ఆకు ఆరబెట్టడమూ వచ్చింది. సామ్రాజ్యంలో పండిన ఆకుకు బ్రిటన్ 1919 నుంచి సుంకంలో రాయితీ ఇచ్చింది. ఇక చెప్పేదేముంది? గుంటూరులో, చీరాలలో గోడౌన్లు వెలిశాయి.

బయటికి అవి వట్టి గోడలే. లోపలిది మాత్రం నేర్పరుల పని. ఆకు మరీ ఆరితే పొడి అవుతుంది, చెమ్మ ఎక్కితే బూజు పడుతుంది. మండెలు వేయడం, తిరగేయడం, గ్రేడు చేయడం, ఈనెలు తీయడం అన్నీ ఈ రెంటి మధ్య జాగ్రత్తగా నడవాలి. గ్రేడింగ్‌లో ఎక్కువమంది ఆడవాళ్లే. మా మేనత్త చీరాలలో సీజన్ పనికి వెళ్లేది. సాయంత్రం ఆమె వీధి మలుపు తిరిగిందంటే చీర వాసనే ముందు ఇంట్లోకి వచ్చేది. సీజన్ అయిపోతే పనీ లేదు, కూలీ లేదు.

రైతుకు ఆ గేటు దగ్గర వేరే గుబులు. గ్రేడు చెప్పేది కొనేవాడే, ధర చెప్పేదీ వాడే. బండి తిప్పుకుపోయే ధైర్యం ఎందరికి ఉంటుంది? పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. 1985లో మన రాష్ట్రంలో వేలం మొదలయ్యాక ఆ బేరం గోడౌన్ గేటు నుంచి వేలం కేంద్రానికి మారింది. జిల్లా వ్యవసాయ చరిత్రలో ఇది చిన్న మలుపు కాదు.

పొగాకు ఆరోగ్యానికి చేటు, దాని గోడౌన్‌కు స్మారకమా అని కొందరు అనవచ్చు. సిగరెట్టును మెచ్చుకోమని ఎవరూ అడగడం లేదు. ఆ ఆకుతో ఇళ్లు కట్టుకున్నవారు, అప్పుల పాలైనవారు, దగ్గు తెచ్చుకున్నవారు అందరూ మనవాళ్లే. లివర్‌పూల్‌లో స్టాన్లీ రేవు పొగాకు గోడౌన్‌ను 1901లో కట్టారు. దాదాపు 2.7 కోట్ల ఇటుకలు పట్టాయంటారు. దాన్ని కూల్చకుండా లోపల నివాసాలు ఏర్పాటు చేశారు. సామ్రాజ్యపు ఆకును కొన్న ఊరు అంత చేస్తే, పండించిన ఊరు కొలతలు కూడా తీయలేదా?

కేంద్ర పురావస్తు చట్టం (1958) వందేళ్లకు తక్కువ కాని కట్టడాలనే ప్రాచీనమంటుంది. 1920లలో కట్టిన గోడౌన్లకు ఆ వయసు ఇప్పుడిప్పుడే వస్తోంది. సరిగ్గా ఇప్పుడే గునపం పడుతోంది.

అన్నీ నిలబెట్టమనడం జరిగే పని కాదు. గుంటూరు నగర పాలక సంస్థ, చీరాల పురపాలక సంఘం కూల్చివేతకు అనుమతి ఇచ్చే ముందు ఫోటోలు, కొలతలు, నక్షా అడగవచ్చు. ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులకు అది వారం రోజుల పని. గుంటూరులో ఒక్క గోడౌన్‌నైనా కొని మ్యూజియంగా ఉంచితే మరీ మంచిది. ఈలోగా ఆ పని చేసినవాళ్ల మాటలు ఎవరైనా రికార్డు చేయాలి. మా మేనత్తకు ఎనభై ఆరు. చూపు మందగించింది గాని ఆకు చేతికిస్తే వేళ్లతో తడిమి ఏ గ్రేడో ఇప్పటికీ చెబుతుంది.