ఆటలోని మెట్లు

మొన్నటి వేసవి సెలవులలో మా మేనకోడలి కుమారుడు మా యింటికి వచ్చినాడు. తొమ్మిదేండ్లవాడు. వచ్చిన మఱునాడే తన ఆటయంత్రమును నా చేతిలో పెట్టి, "తాతయ్యా, ఒక్కసారి ఆడి చూడండి" అన్నాడు. అందులోనిది క్రొత్త ఆట కాదు. జపాను దేశపు నింటెండో సంస్థ 1985 సెప్టెంబరులో వెలువరించిన 'సూపర్ మారియో బ్రదర్స్'. 1990 తరువాతి సంవత్సరములలో మన పట్టణములలోని బాలురెందఱో టెలివిజనుకు తగిలించుకొను పెట్టెలపై ఆడినదే. ఆ రోజులలో నేను విద్యార్థిని. అది చదువును చెఱచు వస్తువని పెద్దలు చెప్పగా నమ్మి, దానివైపు కన్నెత్తి చూడలేదు.

బొమ్మను కుడివైపునకు నడిపించితిని. ఎదుటినుండి పుట్టగొడుగు ఆకారముగల చిన్న జంతువొకటి నెమ్మదిగా వచ్చి తగిలినది. బొమ్మ చచ్చినది. ఆట మొదలై పది సెకండ్లయినను కాలేదు. పిల్లవాడు నవ్వలేదు. "ఫరవాలేదు తాతయ్యా, మొదటిసారి చాలామంది అక్కడే పోతారు" అన్నాడు.

ఆ మాట నన్ను ఆలోచింపజేసినది. పలువురు ఒకేచోట పడిపోవుచున్నారనిన, అది వారి తెలివిలేమియా, లేక ఆ చోటు నట్లు కూర్చినవాని ఉద్దేశమా? ఇన్నేండ్లుగా తరగతిగదిలో నిలుచున్నవానికి ఇది చిన్న ప్రశ్న కాదు.

ఆట యెఱుగని ఉపాధ్యాయ మిత్రుల కొఱకు రెండు మాటలు చెప్పవలసియున్నది. మారియో అను మీసాల బొమ్మ ఎడమనుండి కుడికి పోవుచుండును. తెర వానితో బాటు జరుగుచుండును. గుంటలు దాటవలెను, తిన్నెలు ఎక్కవలెను, శత్రువుల నెత్తిపై దుమకవలెను. మీటను ఎంతసేపు అదిమిపట్టిన అంత ఎత్తు ఎగురును. ఇట్టి భాగములను పిల్లలు 'లెవెల్' అందురు, నేను ఘట్టమందును. లోకములు 8, లోకమునకు 4 చొప్పున ఘట్టములు 32. షిగెరు మియమొతో, తకాషి తెజుకా అను ఇరువురు ఆటకర్తలు వీనిని చదరపు గడుల కాగితముపై గీసి కూర్చినారు.

మొదటి ఘట్టమును ఒక పాఠముగా చదివి చూడుడు. మారియో తెర ఎడమ అంచున నిలిచి కుడివైపు చూచుచుండును, ముందంతయు ఖాళీ. ఎటు పోవలెనో చెప్పనక్కఱలేదు. శత్రువు వచ్చును. తగిలినచో చావు తప్పదు. కాని పోగొట్టుకొనునది పది సెకండ్ల శ్రమ మాత్రమే, వెంటనే మఱల మొదలిడవచ్చును. దుమికినచో శత్రువే చచ్చును. పిదప ప్రశ్నార్థకపు గుర్తుగల పెట్టెను తలతో కొట్టగా పుట్టగొడుగొకటి వెలువడును. ఇచ్చటనే చిక్కు. పుట్టగొడుగు వంటిది తగిలి ఇప్పుడే చచ్చినవాడు దీనిని చూచి పాఱిపోడా? ఈ సందేహము మియమొతోగారికిని కలిగినది. అందుచేత ఆ పుట్టగొడుగు కుడికి పోయి, అచ్చటి గొట్టమునకు తగిలి, వెనుదిరిగి మారియో వైపే వచ్చునట్లు చేసినారు. తప్పించుకొనవలెనని ఎగిరినను పైనున్న ఇటుకలు తలకు తగిలి దానిమీదనే పడుట తఱుచు. పడగానే మారియో పెద్దవాడగును. భయపడినది మేలైనదని శిష్యునకు అనుభవమున తెలిసినది. ఇంత పాఠములోను తెరపై సూచనగా ఒక్క వాక్యమైన వ్రాసియుండలేదు.

నాకు అన్నిటికంటె నచ్చినది ఘట్టము చివర వచ్చు మెట్ల వరుస. ఒకవైపు ఎక్కు మెట్లు, ఎదుట దిగు మెట్లు, నడుమ ఎడము. మొదటి జంట మెట్ల నడుమ నేల యున్నది; తప్పి పడినను చావులేదు, తిరిగి ఎక్కవచ్చును. కొంచెము ముందునకు పోగా అట్టి జంటయే మఱల వచ్చును. ఈసారి నడుమ నేల లేదు, గుంట. చేయవలసిన దుముకు ఒక్కటే. మొదట అది అభ్యాసము, తరువాత అది పరీక్ష. ఏ శిక్షణ కళాశాలలో చదివినారో గాని, ఆ మెట్లు గీసినవారు ఉపాధ్యాయులే యని నా నిశ్చయము.

ఇది చూచిన రాత్రి నాకొక పాత తప్పు జ్ఞప్తికి వచ్చినది. ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరములలో నేను పనిచేయు కళాశాలలో ఛందస్సు చెప్పుచుంటిని. సంయుక్తాక్షరమునకు ముందున్న అక్షరము గురువని నేర్పితిని, పిల్లలు నేర్చుకొనిరి. రెండును వేర్వేఱు తెలుగు పదములైనపుడు, రెండవ పదము సంయుక్తాక్షరముతో మొదలైనను, ముందటి పదము చివరనున్న హ్రస్వము లఘువుగనే నిలుచునని మాత్రము చెప్పలేదు. సమాసమైనచో గురువగునన్న సంగతియు చెప్పలేదు. కాని పరీక్షలో సరిగా అట్టి పాదమునే ఇచ్చితిని. తరగతి యంతయు తప్పినది. నేను సున్నలు చుట్టి, 'ఈ కాలపు పిల్లలకు శ్రద్ధ లేదు' అని సహాధ్యాపకులతో చెప్పుకొని తిరిగితిని. అది గర్వముగా కూడ చెప్పితిని. కఠినమైన ప్రశ్నపత్రము కూర్చినవాడు గొప్ప పండితుడని మనలో ఒక భ్రమ యున్నదిగదా! నేల యున్న మెట్లు కట్టకయే గుంట త్రవ్వినవాడను నేను. ఆ పిల్లలలో ఒకడు మఱుసటి యేడు తెలుగు విడిచి వేఱు పాఠ్యాంశము తీసికొన్నాడు. కారణము నేను అడుగలేదు.

కష్టము వేఱు, అన్యాయము వేఱు. ఈ రెంటిని కలిపి చూచుటచేతనే మనలో ఒక వర్గము పరీక్షలను నీరుగార్చుచున్నది, మఱియొక వర్గము పిల్లలను నలుగగొట్టుచున్నది. ఆ జపాను ఆటకర్తలు ఎన్నడును తప్పు చేయలేదని నేననను. ఇదే ఆటలో నాలుగవ, ఏడవ లోకముల కోటలలో దారులు చీలును; తప్పు దారిని పోయిన, నడచిన చోటికే మఱల మఱల వచ్చుచుండుము. ఏది తప్పో తెలుపు గుర్తు ఒక్కటియు లేదు. ఊహయే దిక్కు, గడియారము మాత్రము పరుగెత్తుచుండును. అది నేను ఇచ్చిన ఛందస్సు ప్రశ్నకు సోదరియే.

1986లో జపానులో వచ్చిన రెండవ ఆట సంగతి వేఱు. అది మిక్కిలి కఠినము. మొదటి ఘట్టముననే విషపు పుట్టగొడుగు ఎదురగును. ముందునకు పోవుటకు మాఱు వెనుకటి లోకమునకు పంపు మోసపు దారులును కలవు. అమెరికా వారికి అది తగదని తలంచి, వేఱొక ఆటను మార్చి 1988లో 'రెండవ మారియో' అను పేర వారికిచ్చినారు; అసలుది వారికి 1993లో గాని చేరలేదు. అయినను దానిని అన్యాయమనుటకు నాకు నోరాడదు. మొదటి ఆటలో ఆరితేరినవారి కొఱకే యని దాని పైముఖముననే ప్రకటించినారు. అది ఎం.ఏ. వారి ప్రశ్నపత్రము. ఎం.ఏ. వారికి ఎం.ఏ. పత్రము నిచ్చుట తప్పు కాదు. అయిదవ తరగతి వానికిచ్చి 'చదువు రాదు' అనుట తప్పు.

ఇక పిల్లలకు తోడ్పాటు ఎప్పుడు, ఎంత అను ప్రశ్న. 2009 నాటి 'న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీ' అను ఆటలో నాకు నచ్చిన యేర్పాటొకటి యున్నది. ఒకే ఘట్టమున ఎనిమిదిసార్లు ఓడినవానికి ఆకుపచ్చని పెట్టె యొకటి కనబడును. దానిని కొట్టిన, మారియో తమ్ముడు లుయీజీ తానే ఆడి దారి చూపును. నడుమ ఎచ్చటనైనను 'ఇక చాలు, నేనాడెదను' అని పగ్గములు తీసికొనవచ్చును. అక్కఱలేనివాడు ఆ పెట్టెను ముట్టకయే పోవచ్చును. మన అంగళ్లలో అమ్మెడు గైడులును ఇట్టివే గదా యని మీరనవచ్చును. కావు. గైడు మొదటి ఓటమికి ముందే చేతికి వచ్చును. ఎనిమిదిసార్లు పడినవానికి చూపిన దారి వానికి అర్థమగును; ఒక్కసారియు పడనివానికి అది ఉత్త బొమ్మ.

2015లో వచ్చిన 'సూపర్ మారియో మేకర్' అను ఆటలో ఆటగాండ్రే ఘట్టములు కూర్చి లోకమునకు పంపుటకు వీలుండెను. అందొక నియమము ఉండెను: కూర్చినవాడు తాను స్వయముగా ఆడి గెలిచినగాని దానిని ఇతరులకు పంపుటకు వీలులేకుండెను. కొందఱు పట్టుదలగల ఆటగాండ్రు ఎవ్వరును గెలువని ఘట్టములను ఏరి యొక్కొక్కటియే సాధించుచు వచ్చినారు. 2024 ఏప్రిలు 8న ఆ ఆట అంతర్జాల సేవ మూతబడుటకు కొలది వారములముందు, 'ట్రిమ్మింగ్ ది హెర్బ్స్' అను ఘట్టమొకటి లొంగక మిగిలినది. అర నిమిషమైన పట్టని ఘట్టము! వేలకొలది ప్రయత్నములు చేసిరి. తుదకు దానిని కూర్చినవాడే నిజము ఒప్పుకొన్నాడు: తాను చేతితో గెలువలేదు, యంత్రముచేత మీటలు నొక్కించి పంపినాడట. విచిత్రమేమనగా, సేవ మూతబడుటకు ముందే ఒకడు దానిని చేతితో సాధించి చూపినాడు. అయినను నియమము తప్పినవాని తప్పు తప్పే.

ఆ నియమము మనకేల యుండరాదు? ప్రశ్నపత్రము కూర్చువారు దానిని ముద్రణకు పంపుటకు ముందు, పుస్తకము మూసి, గడియారము ఎదుట పెట్టుకొని, పూర్తి సమాధానములు తాము వ్రాయవలెనని విధించిన ఏమగును? నిరుడు నేను కూర్చిన పత్రముతో ఇంటివద్ద కూర్చుంటిని. మూడు గంటలకు నాకు పూర్తి కాలేదు. ఒక ప్రశ్న మిగిలిపోయినది. నా ముప్పది యేండ్ల వ్రాత అలవాటుతో నాకే చాలని కాలము పదునెనిమిదేండ్ల పిల్లకు ఎట్లు చాలునని ఆ ప్రశ్నను తీసివైచితిని. కాఠిన్యము తగ్గలేదు. తగ్గినది నా అశ్రద్ధ.

మియమొతోగారు మఱియొక మాట చెప్పియున్నారు: మొదటి ఘట్టమును తఱుచుగా కడపటనే తయారు చేయుదురట. తరువాత ఏమి రానున్నదో తెలిసినగాని మొదట ఏమి నేర్పవలెనో తెలియదు. మన వాచకములలో మొదటి పాఠములను ఎవరు, ఎప్పుడు వ్రాయుచున్నారో విచారింపదగినది.

ఊరికి పోవుటకు ముందు మా పిల్లవాడు 'మేకర్' రెండవ ఆటలో తానొక ఘట్టము కూర్చి నాకు చూపినాడు. గుంటలు, వాని నిండ నిప్పులు; చూచుటకే భయము. నియమము ఇందులోను అదే. వాడు తన ఘట్టమును తానే గెలువలేక ఆ సాయంకాలమంతయు పడుచు లేచుచు ఉన్నాడు. "ఎవరికోసం రా ఇంత పెద్ద గుంట?" అని అడిగితిని. సమాధానము చెప్పలేదు. దీపాలు పెట్టిన తరువాత మఱల యంత్రము తెఱచి, గుంట వెడల్పును ఒక్క గడి తగ్గించి, దానికి ముందు అట్టి గుంటనే నేలతో పూడ్చి ఇంకొకటి పెట్టినాడు.