సీక్వెన్సర్ కొన్న తర్వాత

ఏటా ఫిబ్రవరి 4న ప్రపంచ క్యాన్సర్ దినం జరుపుకుంటున్నాం. ర్యాలీలు, ఉచిత పరీక్షా శిబిరాలు కావలసినవే. కణితుల్లోని జన్యువులను చదివే ప్రయోగశాలలకు డబ్బు ఏ పద్ధతిలో ఇస్తున్నామన్నదీ ఈ రోజు మాట్లాడుకోవాలి.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఒక రకం రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో మరీ పొట్టిగా ఉన్న క్రోమోజోమును గమనించారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడమే అందుకు కారణమని 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. ఆ తారుమారు వల్ల పుట్టే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రకు 2001లో అమెరికా అనుమతి దొరికింది. అంటే 41 ఏళ్లు. ఒకప్పుడు కొన్నేళ్లలో ప్రాణం తీసిన ఆ జబ్బుతో ఇప్పుడు ఎందరో మాత్ర వేసుకుని పనికి వెళ్తున్నారు. అన్నేళ్లూ ప్రయోగశాలల్లో దీపం ఆరనివ్వలేదు కాబట్టే అది సాధ్యమైంది.

క్యాన్సర్ జన్యువులను చదవడంలో మనం ఆలస్యంగా బయలుదేరాం. అమెరికా 2006లో మొదలుపెట్టిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ 33 రకాల క్యాన్సర్లను చదివింది. అందులోని రోగుల్లో అత్యధికులు ఐరోపా మూలాలవారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యు మార్పు పాశ్చాత్యులకంటే మనవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటప్పుడు వాళ్ల పటం పట్టుకుని మన రోగికి ఎంతదూరమని దారి చూపగలం? ఐఐటీ మద్రాస్ 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన భారత్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ 480 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల నమూనాలతో మొదలైంది. మంచి ఆరంభం, కానీ ఆరంభమే.

ఇక్కడే మన దాతృత్వం తడబడుతోంది. జన్యువులను చదివే మిషన్ సీక్వెన్సర్ అంటే రిబ్బన్ కత్తిరించడానికి వీలైన వస్తువు. దాని చుట్టూ ఉన్నవాటికి శిలాఫలకాలుండవు. థియేటర్‌లో కోసి తీసిన కణితి ముక్కను వెంటనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించాలి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు రాత్రీపగలూ కరెంటుండాలి, జనరేటరుండాలి. దిగుమతి చేసుకున్న రసాయనాల కిట్లకు గడువు తేదీ ఉంటుంది. నమూనాలు సరిపడా పోగవకుండా మిషన్ నడిపితే ఖర్చు దండగ, ఆగితే గడువు దాటుతుంది. ఒక మనిషి జీనోమ్ చదివితే సుమారు వంద గిగాబైట్ల సమాచారం వస్తుంది. పోల్చి చూడడానికి అదే రోగి రక్తాన్నీ చదవాలి. ఇదంతా ఎవరో భద్రపరచాలి, ఇంకెవరో విశ్లేషించాలి. వారంటీ తీరాక సర్వీసు కాంట్రాక్టుకు ఏటా లక్షలు కట్టాలి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడితే ఎలా?

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి నిరుపేద రోగులు వస్తారు; సీసీఎంబీ పరిశోధనా సంస్థలో జన్యుశాస్త్ర నైపుణ్యం ఉంది. ఇలాంటి చోట్ల ఆస్పత్రినీ ప్రయోగశాలనూ కలిపే పనికి, రోగి అంగీకారం అడిగి నమూనా సేకరించే సిబ్బందికి సైతం డబ్బు కేటాయించాలి. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద సంస్థలు లాభాల్లో సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టే రెండు శాతంలోంచీ ఇందుకు వాటా రావచ్చు. ప్రభుత్వమైనా, దాతయినా ఇకమీదట మంజూరు పత్రంలో మిషన్ ధరతోపాటు అయిదేళ్ల రసాయనాలు, సర్వీసు, కరెంటు, జీతాలు కలిపి ఒకే మొత్తంగా రాయాలి. అంత ఇవ్వలేకపోతే చిన్న మిషన్ కొనండి, దాన్నే అయిదేళ్లూ నడపండి.