జిప్పు పైకి లాగు తమ్ముడూ



హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మన సంఘపు కుర్రాడు పోయిన డిసెంబరులో ఒక ఆదివారం ఆరాధనకు వస్తానని చెప్పి రాలేదు. ఏమయిందిరా అని ఫోను చేస్తే, సైకిలు తొక్కుతున్నానన్నాడు. మేము కోప్పడ్డాం. మాకంటే అమ్మగారు ఇంకా ఎక్కువ కోప్పడ్డారు. క్రిస్మస్‌కు ఊరొచ్చినప్పుడు మా వసారాలో కూర్చుని ఆ సంగతంతా చెప్పాడు. అప్పటినుంచి అది మా మనసును వదలడం లేదు. అందుకే రాస్తున్నాం.

అతను తొక్కింది 600 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఆదిలాబాదు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి. తిండి, నిద్ర, పంక్చర్లు అన్నీ కలుపుకుని 40 గంటల్లో ముగించాలి. దీన్ని బ్రెవే అంటారట. ఇది పందెం కాదు, ఫస్టు సెకండు ఉండవు. దారిలో అక్కడక్కడా కంట్రోల్ అనే చోట కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. గడువు లోపల వచ్చినవాళ్లందరి పేర్లూ ఒకే జాబితాలో ఎక్కుతాయి. మేమూ ఒకప్పుడు నాలుగు ఊళ్ల కూడికలకు సైకిలు మీదే తిరిగాం. టార్చిలైటు నోట కరిచి పంక్చరు వేసుకున్న రాత్రులున్నాయి. అయినా 600 అనేసరికి నోరు తెరిచాం.

దీని పుట్టుక ఫ్రాన్సులో. 1904 నుంచి అక్కడ ఆడాక్స్ పేరుతో గుంపు సవారీలు జరిగేవి. ముందు ఒక కెప్టెన్ నడుస్తాడు, అందరూ ఒకే వేగంతో అతని వెనుక సాగాలి. ఆ వేగం ఇప్పుడు గంటకు 22.5 కిలోమీటర్లు. బలమున్నవాడు కెప్టెన్‌ను దాటి పోకూడదు. 1921లో ఈ పద్ధతి నుంచి ఒక పాయ విడిపోయి, ఎవరి వేగం వారిది అనే కొత్త పద్ధతి పెట్టుకుంది. పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి రావడానికి 90 గంటల గడువుతో నాలుగేళ్లకోసారి జరిగే 1200 కిలోమీటర్ల సవారీ ఈ రెండో పద్ధతిదే. మన కుర్రాడు తొక్కిందీ ఇదే. కలిసి బయలుదేరతారు గానీ, ఎవరికోసం ఎవరూ ఆగాలని నియమం లేదు.

చలి లేకపోతే ఈ తేడా పెద్దగా తెలియదు. చలికాలం రాత్రి అయితే ఎక్కుడులో చెమట పట్టి లోపలి చొక్కా తడిసిపోతుంది. దిగుడులో కాళ్లకు పని ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు, గాలి మాత్రం ఈడ్చి కొడుతుంది. అంటే కష్టపడ్డ చోట కాక, సుఖంగా జారిపోయే చోట చలి మనిషిని పట్టుకుంటుంది. ముందు వణుకు వస్తుంది. తర్వాత వేళ్లు మొద్దుబారి బ్రేకు పట్టు దొరకదు, మాట ముద్దగా వస్తుంది. ఆపైన బుద్ధి మందగిస్తుంది. అన్నిటికంటే భయంకరమైనది అదే. చలి ముదిరినవాడికి తన పరిస్థితి తనకే తెలియదు. అడిగితే బాగానే ఉన్నానంటాడు.

ఆదిలాబాదు నుంచి తిరుగు దారిలో, తెల్లవారుజామున మూడు దాటాక, నిర్మల్ ఘాట్ దిగబోయే ముందు జరిగిందిది. ఆరుగురు కలిసి వస్తున్నారు. వారిలో యాభై దాటిన ఒకాయన మనవాణ్ణి గమనిస్తూ ఉన్నారు.

“ఎలా ఉంది తమ్ముడూ?”

“సూపర్ అన్నా, పదండి.”

ఆయన పదలేదు. సైకిలు ఆపించి, “ఏదీ, జాకెట్ జిప్పు పైకి లాగు తమ్ముడూ” అన్నారట. మనవాడు ప్రయత్నించాడు. వేళ్లకు జిప్పు అందలేదు. రెండోసారీ అందలేదు. అప్పుడు గానీ తన ఒళ్లు తన మాట వినడం లేదని అతనికి తెలియలేదు.

దగ్గరలో లారీలు ఆగే ధాబా ఉంది. అక్కడికి నడిపించుకెళ్లి తడి చొక్కా విప్పించారు, పొడిది తొడిగారు. ధాబావాణ్ణి అడిగి పాత పేపర్లు తెచ్చి జాకెట్ లోపల ఛాతీకి అడ్డంగా దూర్చారు. చక్కెర ఎక్కువ వేయించి వేడి టీ తాగించారు. గంట దాటిపోయింది. ఒకతను గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. నియమం ప్రకారం అతనిది తప్పు కాదు, మేమూ అతన్ని తప్పు పట్టం. మనవాడు తెల్లవారాక నిర్మల్‌లో బస్సెక్కాడు. మిగిలినవాళ్లలో ముగ్గురు గడువులోగా చేరారు. ఆ పెద్దాయన మాత్రం పదకొండు నిమిషాలు ఆలస్యమయ్యారు. జాబితాలో ఆయన పేరు లేదు.

ఇది వింటున్నంతసేపూ మాకు మన సంఘంలోని ఒక కుటుంబం కళ్ల ముందు మెదిలింది. ఏడాదిపాటు ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర ఆ ఇంటాయన చెయ్యి పట్టుకుని “బాగున్నారా” అని అడిగాం. “దేవుని దయ, బాగున్నామండీ అయ్యగారూ” అన్నారు. మేము సంతోషించి తర్వాతి వాళ్ల వైపు తిరిగాం. ఆ ఏడాదే వాళ్లు కౌలు కట్టలేక గేదెను అమ్ముకున్నారు, ఆడపిల్లను చదువు మాన్పించి హాస్టలు నుంచి తెచ్చుకున్నారు. మాకు తెలిసేసరికి ఆ ఇంటికి తాళం ఉంది. కుటుంబమంతా పనికి వలసపోయింది. ఆయన మాతో అబద్ధమాడారని మేము అనుకోవడం లేదు. మా ప్రశ్నే అబద్ధం ప్రశ్న.

విశ్వాసం ఎవరి వేగం వారిది అని మేమే ఎన్నోసార్లు బోధించాం. ప్రార్థనకూ వాక్యధ్యానానికీ అది సరే. ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో ఆ మాట పనికిరాదు. అక్కడ పాత ఆడాక్స్ పద్ధతే మేలని మా అభిప్రాయం. పౌలు గారు చెరసాలలో ఉండి, చలికాలం రాకముందే వచ్చెయ్యి, త్రోయలో వదిలిన అంగీ పట్టుకురా అని తిమోతికి రాశారు. ఆయనకు అడగడం చేతనైంది. మనలో చాలామందికి చేతకాదు, ముఖ్యంగా మగవాళ్లకు.

కాబట్టి పెద్దలతో మాట్లాడి ఒక మార్పు చేశాం. గుమ్మం దగ్గర “బాగున్నారా” అని అడగడం మేము మానేశాం. పిల్ల ఏ తరగతికి వచ్చింది, ఈసారి కౌలు ఎంత, రాత్రి ఏం వండారు అని అడుగుతున్నాం. కొందరికి ఇది నచ్చలేదు, అయ్యగారికి ఆరాలెక్కువయ్యాయి అంటున్నారట. అననీయండి. మీరూ మీ వరుసలో పక్కన కూర్చున్నవాళ్లను అలాగే అడగండి.

ఆ పెద్దాయన ఈ చలికాలం మళ్లీ 600కు పేరిచ్చారట. మన కుర్రాడూ ఇచ్చాడు. ఈసారి కూడా ఆదివారమే పడింది. మేమేమీ అనలేదు. అమ్మగారు ఉన్ని స్వెట్టరు ఒకటి అల్లడం మొదలుపెట్టారు. జిప్పు వద్దు, బొత్తాలూ వద్దు, తల మీదుగా తొడుక్కునేదే అల్లుతానంటున్నారు.