షెడ్డు కబుర్లు: నాలుగు బోర్డులూ, ఒక రొదా

కిందటి సంచికలో పాత కుట్టుమిషనుకి మోటారు బిగించిన వైనం చదివి, "ఈసారి ఏం పాడుచేస్తున్నారు?" అని ఆప్యాయంగా అడిగిన వాళ్ళందరికీ ఇదే జవాబు. ఈసారి గిటారు ఆంప్లిఫయరు. అదీ వాల్వులతో.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. నాలుగేళ్ళు వీణ నేర్చుకుని, ఒక రోజు హఠాత్తుగా ఎలక్ట్రిక్ గిటారు కావాలంది. మా ఆవిడ "అవీ తీగలే, ఇవీ తీగలే" అని సర్దుకుంది. నేను సర్దుకోలేదు. నాలుగు మాటలు అన్నాను, తను రెండు మాటలు అంది, ఆ తర్వాత ఇంట్లో కొన్నాళ్ళు మౌనవ్రతం. చివరికి మా ఆవిడ మధ్యవర్తిత్వంతో సంధి కుదిరింది. దీపావళి కార్యక్రమంలో అమ్మాయి గిటారు వాయిస్తుంది, దానికి ఆంప్లిఫయరు నేను చేసిపెడతాను. మాట ఇవ్వడం ఎంతసేపు లెండి!

వాల్వులే ఎందుకని అడగచ్చు. గుడివాడ దగ్గర మా ఊళ్ళో తాతగారి రేడియో మీలో పెద్దవాళ్ళకి చెప్పకుండానే తెలుస్తుంది. మీట నొక్కితే వెంటనే పలికేది కాదు. వెనక అట్ట కన్నాల్లోంచి ఎర్రటి వెలుగు, వేడెక్కిన దుమ్ము వాసన, ముందు ఆకుపచ్చ కన్ను మెల్లగా తెరుచుకోవడం, అప్పుడు విజయవాడ కేంద్రం. ఆ ఎర్రటి వెలుగే వాల్వు.

లోపల జరిగేది మన కాలవ తూము లాంటిదే. కాలిన క్యాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ఆనోడ్ వైపు పరిగెడతాయి. మధ్యలో గ్రిడ్ అనే జాలీ తూము తలుపు. తలుపుని వేలితో కదిపితే కాలవంతా కదిలినట్టు, గ్రిడ్ మీద చిన్న వోల్టేజి మారితే ఆనోడ్ దగ్గర పెద్ద మార్పు వస్తుంది. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ పెట్టిన జాలీ అది. 1947లో ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియోలు క్రమంగా వాల్వులని వదిలేశాయి గానీ గిటారు వాళ్ళు వదల్లేదు. వాల్వుని శక్తికి మించి తోస్తే శబ్దం ఒక్కసారి తెగిపోకుండా మెల్లగా గరుకెక్కుతుంది. ఆ గరుకే వాళ్ళకి కావాలి. అందుకే స్లొవేకియా, రష్యా, చైనాల్లో ఈనాటికీ వాల్వులు తయారవుతున్నాయి.

ఇందులో మన పేటకీ వాటా ఉంది సుమండీ. ఈలింగ్ నుంచి సౌతాల్‌కి కూరగాయలకి వెళ్ళే అక్స్‌బ్రిడ్జ్ రోడ్డు మీదే హాన్‌వెల్. అక్కడ డ్రమ్ములు నేర్పే జిమ్ మార్షల్ సంగీత వాయిద్యాల కొట్టు నడిపేవారు. ఆయన దగ్గర రిపేర్లు చూసే కెన్ బ్రాన్, కుర్ర ఇంజనీరు డడ్లీ క్రేవెన్‌తో కలిసి 1962లో అమెరికా ఫెండర్ బాస్‌మన్‌ని నమూనాగా పెట్టుకుని ఒక ఆంప్లిఫయరు కట్టారు. మార్షల్ ఆంప్లిఫయర్ల వంశానికి మూలపురుషుడు అదే. నేను ఆ దారినే ఎన్నోసార్లు బెండకాయలకి వెళ్ళాను, తెలియలేదు.

ఇక మన కట్టడం. ఒకే పెద్ద బోర్డు మీద అంతా పేర్చితే ఎక్కడ తప్పు జరిగిందో వెతుక్కోవడం కష్టం. అందుకని పనికో బోర్డు చొప్పున నాలుగు చిన్న బోర్డులు చేశాను. ఒకటోది కరెంటుని నునుపు చేసే పెద్ద కెపాసిటర్ల బోర్డు. రెండోది ఇ.సి.సి.83 వాల్వు ఉన్న ప్రీ ఆంప్. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని మొదట పెంచేది ఇదే. మూడోది వాల్యూమ్, టోన్. నాలుగోది ఇ.ఎల్.84 వాల్వుతో స్పీకరుని తోసే బోర్డు, సుమారు 5 వాట్లు. ఆ వాల్వుకి 5000 ఓమ్‌ల పైచిలుకు లోడు కావాలి, స్పీకరు చూస్తే 8 ఓమ్‌లు. ఇద్దరికీ పొత్తు కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, చుట్ల నిష్పత్తి సుమారు 25కి 1. మొత్తం ఖర్చులో సింహభాగం దానిదే.

నియమం ఒక్కటే: ఒక బోర్డు పరీక్ష పాసయితేనే తర్వాతది మొదలు.

మొదటి బోర్డు దగ్గరే నా అతితెలివి బయటపడింది. పరీక్ష చేస్తే 325 వోల్టులు చూపించింది. సంతోషించి, ప్లగ్గు పీకి, భోజనానికి వెళ్ళాను. అరగంట తర్వాత వచ్చి బోర్డు మీద చెయ్యి వెయ్యబోతుంటే, తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి, "నాన్నా, మీటరు పెట్టి చూశావా?" అంది. ప్లగ్గు పీకేశాక చూడ్డానికి ఏముంటుందని విసుక్కుంటూనే పెట్టాను. 240 చిల్లర.

కాళ్ళు చల్లబడ్డాయి. ఆంప్లిఫయరు పూర్తిగా బిగించి వాడుతున్నప్పుడు ఆపేస్తే, వేడిగా ఉన్న వాల్వులే ఆ కరెంటుని తాగేస్తాయి. బోర్డు ఒంటరిగా ఉన్నప్పుడు తాగేవాళ్ళు లేరు. కెపాసిటరు అలాగే నిండు కుండలా కూర్చుంటుంది. దాన్ని ఖాళీ చేసే 220 కిలో ఓమ్‌ల రెసిస్టరు నా సంచిలోనే ఉంది, "తర్వాత పెడదాంలే" అనుకున్నాను. ఆ రాత్రే సోల్డర్ చేశాను. ఇప్పుడు ఒక నిమిషంలో ఖాళీ అవుతుంది. అయినా మీటరు పెట్టకుండా ముట్టుకోను. పిల్లలతో ఇలాంటివి చెయ్యాలనుకునేవాళ్ళు తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకోండి. లోహపు పెట్టెకి ఎర్త్ తప్పనిసరి. స్పీకరు తగిలించకుండా ఆన్ చెయ్యకండి, ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. ఇదంతా ఉపదేశం కాదు, చెంపలు వేసుకున్నవాడి మాట.

ఆ రోజు నుంచి అమ్మాయి షెడ్డులోకి రావడం మొదలుపెట్టింది. నేను సోల్డర్ చేస్తుంటే తను విలువలు చదివి చెప్పేది. ఇ.ఎల్.84 క్యాథోడ్ దగ్గర 7 వోల్టుల పైచిలుకు రావాలని పుస్తకం అంటే, మాకు 7.2 వచ్చింది. ఇద్దరం పరీక్ష పాసయినంత సంబరపడ్డాం. నాలుగు బోర్డులూ విడివిడిగా పాసయ్యాయి. అన్నీ పెట్టెలో బిగించి ఆన్ చేశాం.

గుంయ్‌మని రొద. తేనెతుట్టె కదిపినట్టు.

రెండు వారాంతాలు పోయాయి. వాల్వులు మార్చాను, కెపాసిటర్లు మార్చాను. పండగ దగ్గర పడుతోంది. "కొన్నది తెచ్చేద్దాం లెండి" అని మా ఆవిడ మెల్లగా అంది. అమ్మాయి మాత్రం గిటారు తీసి, లావు తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటి, చెవి ఒగ్గి వింది. "నాన్నా, ఆ రొద ఈ స్వరానికి కొంచెం పైన ఉంది, ఒక్క పిసరు" అంది.

ఆ మెట్టు మీద పలికేది 98 సైకిళ్ళు. దానికి పిసరు పైన అంటే 100. మన మెయిన్స్ 50 సైకిళ్ళు. వాల్వుల ఫిలమెంటు తీగల నుంచి వచ్చిన రొదైతే 50 దగ్గర, అంటే ఒక స్థాయి కింద వినపడాలి. 100 అంటే రెక్టిఫయరు దాటాక వచ్చిన జబ్బన్నమాట. వీణ మీద నాలుగేళ్ళు శ్రుతి చూసుకున్న చెవి చెప్పిన మాట అది.

అప్పుడు తట్టింది. విడిగా పరీక్షించినప్పుడు ప్రతి బోర్డు ఎర్త్ తీగనీ నేరుగా రెక్టిఫయరు దగ్గరికే తగిలించాను. పెట్టెలో బిగించేటప్పుడు చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని, ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి దండలా గుచ్చాను. దండకి ఒక కొసన రెక్టిఫయరు, ఇంకో కొసన పెద్ద కెపాసిటరు, మధ్యలో పాపం ప్రీ ఆంప్. కెపాసిటరు నిండేటప్పుడు సెకనుకి 100 సార్లు కొట్టే కరెంటు ప్రీ ఆంప్ ఇంట్లోంచే పోతోంది. ఆ తీగలో తేడా కొన్ని మిల్లీవోల్టులే. కానీ ప్రీ ఆంప్ దాన్ని కూడా పాట అనుకుని యాభై రెట్లు పెంచి పంపిస్తోంది. దండ తెంపి, కెపాసిటరుకి రెక్టిఫయరు దాకా సొంత తీగ వేసి, మిగతా బోర్డుల ఎర్త్‌లన్నీ విడివిడిగా ఒకే చోటికి తెచ్చాం. రొద పోయింది.

తప్పు ఏ బోర్డులోనూ లేదు, కలిపిన చోట ఉంది. మన సంఘంలో ఏ కమిటీకి ఆ కమిటీ చక్కగానే పనిచేసి, పండగ రోజు మాత్రం భోజనాలు ఒక హాల్లో, జనం ఇంకో హాల్లో ఉండటం చూశాం కదా. మా ఇంట్లోనూ అంతే. నేనూ మంచివాణ్ణే, అమ్మాయీ మంచిదే. మా ఇద్దరి మధ్య వేసుకున్న తీగే సరిగా లేదు.

ఈ సంచిక మీ చేతిలో ఉన్న సాయంత్రమే తను స్టేజి మీద ఉంటుంది. హాలుకి 5 వాట్లు చాలవు కనక స్పీకరు ముందు మైకు పెడతారు. పెట్టె వెనక రెండు ఎర్రటి దీపాలు కనిపిస్తే అవి మావే. ఒకవేళ రొద వినిపిస్తే నాకు చెప్పకండి, నాకంటే ముందు తనకే వినిపిస్తుంది.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు.