కట్టడముల పరిశ్రమ - కట్టెడి చేతులు

మన దేశమున కట్టడముల పరిశ్రమ యింకను పెరుగు ననుటలో సందేహము లేదు. సిమెంటు ఉత్పత్తిలో చీనాదేశము తరువాతి స్థానము మనదే. వ్యవసాయము కాక అత్యధికులకు పని కల్పించు వృత్తులలో నిదియు నొకటి. అయినను సిమెంటు బస్తాలను లెక్కించి మురిసిపోవుట నాకు సమ్మతము కాదు.

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమును చూచినవా రెరుగుదురు: ఆ ఆనకట్ట ప్రధాన భాగము రాతికట్టడము. రాయి చెక్కిన చేతులు, తట్ట మోసిన తలలు వేనవేలు. పాలమూరు కూలీలు దేశమున నెన్నియో చోట్ల ఆనకట్టలు, కాలువలు, బాటలు నిర్మించిరి. తమ పొలములకు మాత్రము నీరు లేకయే వలసపోయిరి!

అట్టివారి క్షేమమునకై 1996లో చట్టములు చేసి, కట్టడపు ఖర్చులో నూటికి ఒక రూపాయికి తక్కువ కాకుండ సుంకము విధించిరి. మంచి యేర్పాటే. కాని పేరు నమోదైన కూలీకే ఆ సహాయము. నేడొక యూర, రేపొక యూర పనిచేయువాడు పేరెచ్చట వ్రాయించుకొనును? నమోదు వాని వెంట నడువవలెను. తాపీపనిలో వానికిగల నేర్పునకును యోగ్యతాపత్రము దొరకవలెను. అది లేనిదే ఈ పరిశ్రమ యెత్తు పెరుగునేమో కాని, బలము పెరుగదు.

ఇల్లు కట్టించుకొను తలిదండ్రులారా, కూలి యెంత యని మేస్త్రీని మీరందరు నడుగుదురు. కూలీల పేర్లు నమోదైనవా యనియు నొకసారి యడిగి చూడుడు.