రేఖాసంధి



ముగ్గు నేడు వాకిటనే యుండుట లేదు. గడపల కంటించు స్టిక్కరై, గోడల నలంకరించు చిత్రమై అంగళ్ళకెక్కినది. నరసరావుపేటలోనేమి, మాచర్ల, గురజాలలందేమి, పిండితో ముగ్గు తీర్చు చేతులకు కంప్యూటరుపై గీయుట యసాధ్యము గాదు. గీసిన దానిని రేడియము కటింగు దుకాణమున కోయించి యమ్ముకొన్నచో, మిరపకోతల కూలికి తోడు మరి నాలుగు రూకలు చేతికి వచ్చును. అయితే ఇందొక చిక్కు కలదు. దానిని తెలియనిచో షీటు వెలయు, కోతకూలియు రెండును నష్టమగును.

తెరపై నిండుగా కనబడిన ముగ్గు, కోసిన పిదప పెరుకగానే చినుగుటకు కారణమేమి? గీతల కొనలు తాకినట్లుండును గాని కలిసియుండవు. ఇట్టి చిత్రము రంగుచుక్కల పోగు కాదు. కొన్ని బిందువులును, వానిని కలుపు వక్రరేఖలును మాత్రమే. ఫ్రాన్సు దేశమున మోటారుకార్ల తొడుగులను రూపించుటకు సిట్రోయెన్ సంస్థలో కాస్టెల్జో 1959లోను, పిమ్మట రెనో సంస్థలో బెజియే యనువారును ఈ వక్రరేఖల గణితమును సాధించిరి. కోతయంత్రపు కత్తి మన కన్నువలె అందమును చూడదు. గీత యెచ్చట ముగిసెనో యచ్చట లేచును. వెంట్రుకవాసి సందు మిగిలినను ఆ చోట షీటు తెగక, పెరుకునపుడు పువ్వురేకును చీల్చుకొని వచ్చును.

రంగు నింపి చూచితిమి, చక్కగా నిండినది గదా యని నమ్మరాదు. గీత తెరచియున్నను, రెండు కొనల నడుమ సరళరేఖ యున్నట్లు భావించి ఉపకరణము రంగు నింపివేయును. అసలు పరీక్ష వేరు. నోడ్ టూలు పట్టి ఆ కూడలి బిందువును కొంచెము లాగి చూడుడు. రెండు గీతలును వెంట వచ్చినచో కలిసినట్లు. ఒకటి వచ్చి యొకటి నిలిచినచో కలియనట్లు. చూచిన పిమ్మట కంట్రోల్, జెడ్ మీటలు నొక్కిన బిందువు తన తావునకు తిరిగి వచ్చును.

ఇక కలుపు విధము. 2003లో పుట్టిన ఇంక్‌స్కేప్ అను ఉపకరణమునకు వెల లేదు గాన దానినే చెప్పెదను. రెండు గీతలను ఎన్నుకొని పాత్ మెనూలోని కంబైన్ నొక్కవలయును. దీనితో రెండును ఒక్క వస్తువగును గాని కొనలు కలియవు. ఒక యింట నున్నంత మాత్రమున తోడికోడండ్రకు మాట కలియునా? గ్రూప్ అనునది యంతకంటెను తక్కువ. విడివస్తువులను మూటగట్టుట మాత్రమే. పిదప నోడ్ టూలుతో రెండు కొనలను ఎన్నుకొని, కలుపు మార్గములు రెంటిలో నొకదానిని పట్టవలయును.

ఈ రెంటిని సంధిసూత్రములతో పోల్చినచో మరపునకు రావు. చిన్నయసూరి 1858లో వెలయించిన బాలవ్యాకరణము చదివినవారికి తెలియును: రాముడు, అతడు అను పదములు కలిసి రాముడతడు అగునపుడు రెండచ్చుల తావున నొక్కటియే నిలుచును. షిఫ్ట్, జె మీటలు చేయునది యిదియే. రెండు బిందువులు పోయి, నడిమి తావున నొక్కటి యేర్పడును. మా, అమ్మ అను చోట సంధి లేదు. నడుమ యకారము వచ్చి మాయమ్మ యగును. ఆల్ట్, జె మీటలు ఈ యడాగమము వంటివి. కొనలు కదలవు, నడుమ కొత్త గీత వచ్చి చేరును.

ఎడము స్వల్పమైన మొదటిది తగును. ఎడము హెచ్చుగా నున్నపుడు దానినే వాడినచో గీతలు రెండును లోనికి లాగబడి ముగ్గు వంకరపోవును; అచ్చట రెండవది మేలు. చందా చెల్లించి వాడు ఇల్లస్ట్రేటరునందు కొనలను కలుపునవి కంట్రోల్, జె మీటలు. మెలికల ముగ్గున కూడలి మొనదేరి కనబడినచో, ఇంక్‌స్కేపునందు ఆ బిందువును ఎన్నుకొని షిఫ్ట్, ఎస్ నొక్కిన నునుపగును.

ఇది చిన్నపనియని తలపకుడు. మదరాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి దంపతులు, కమలా కృతివాసన్ గారితో కూడి, తమిళసీమ ముగ్గులకును కంప్యూటరు వ్యాకరణమునకును గల సంబంధమును 1974లోనే ప్రకటించిరి. చుక్కలను చుట్టి, విడువక తిరిగి, మొదలిడిన చోటికే వచ్చు మెలికల ముగ్గు మన తల్లులకు కొట్టినపిండి. గీతను మూయవలెనను నియమమును మనకు పరులు నేర్పనక్కర లేదు; మీటల పేరులు తెలిసిన చాలును.

కావున సంక్రాంతి గిరాకీ రాకమున్నే, గీసిన ప్రతి ముగ్గునందును కూడళ్ళను ఒక్కొక్కటిగా లాగి చూచి, పిమ్మటనే దుకాణమునకు పంపుడు. సరిదిద్దుటకని వేరుగా రుసుము అడుగుటకు దుకాణదారునకు ఎడమీయకుడు. మొదట చిన్న ముక్కపై కోయించి, పెరికి చూచి, పిదప పెద్ద షీటున కొప్పగింపుడు. రంగుల పొరలను వేరుచేయు విధమును పై మాసమున ముచ్చటించుకొందము.